చెరపని నీటి లెక్క

ఆ రోజు కూడా ఆగయ్య సొసైటీ సంపు మూత ఎత్తి, గాట్లు పెట్టిన వెదురుకర్రను లోపలికి దించాడు. పైకి తీసి, తడి ఎంతవరకు ఎక్కిందో బొటనవేలితో పట్టుకుని చూశాడు. చెవి మీది సుద్దముక్క అందుకుని పక్కగోడ మీద రాశాడు: వచ్చింది 42 అంగుళాలు, వాడింది 27. మూత వేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఆ గోడ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడయింది.

రెండో అంతస్తు బాల్కనీలోంచి కూతురు సంతోషి చూసింది. చూసి ఊరుకుంది. తండ్రి రాష్ట్రం దాటి ఆల్థాన్‌లోని ఆ బిల్డింగుకు వచ్చిన రెండేళ్లలో ఆమె ఊరుకున్నది ఆ ఒక్కరోజే.

ఆగయ్య గోదావరిఖని దగ్గర బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు పంపు నడిపాడు. భూమి కింద బొగ్గుపొరల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట చేరే కాలువకు అడ్డంగా ఒక రేకు, రేకుకు త్రికోణపు గాటు. గాటులోంచి పొర్లే నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే బాయిలోకి ఎంత నీరు దిగుతోందో తెలుస్తుంది. పంపు ఎంత తోడింది, దుమ్ము అణచడానికి ఎంత చల్లారు, తవ్విన ఖాళీల్లో ఇసుక నింపడానికి ఎంత వాడారు, అంతా నల్లబల్ల మీద రాయాలి. ఊట ఉన్నట్టుండి పెరిగితే లోపలున్నవాళ్లకు కబురు పోవాలి.

"నిప్పు సప్పుడు చేస్తది బిడ్డా, నీళ్లు చెయ్యయి," అనేవాడు.

భార్య లింగవ్వ పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. అల్లుడు ఓంప్రకాష్‌ది మగ్గాల మిల్లులో పని. సంతోషి ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. వచ్చిన కొత్తలో ఆదివారం ఆగయ్యను డుమస్ బీచికి తీసుకెళ్తే సముద్రం వైపు చాలాసేపు చూసి, "గిన్ని నీళ్లు! ఏ పంపు పెట్టి తోడుతరే?" అన్నాడు. ఓంప్రకాష్ తింటున్న టమాటా భజియా పొలమారేదాకా నవ్వాడు.

ఆ మర్నాడే ఆగయ్య సంపు కనిపెట్టాడు. పొద్దున మున్సిపాలిటీ నీళ్లు పట్టాక ఒక కొలత, మూడింటికి ఒక కొలత. ఒకసారి, వాడింది తక్కువ, తరిగింది ఎక్కువ అని పట్టుబట్టి వెతికిస్తే, పార్కింగ్ కింద పైపు పగిలి ఉంది. అందుకు ఎవరూ మెచ్చుకోలేదు గానీ, ఆ రోజే తొలిసారి గోడ మీద వేసిన సుద్దరాతలు మాత్రం వెంటనే సొసైటీ సెక్రటరీ కంట్లో పడ్డాయి.

"బెహెన్, పోయిన నెలే రంగు వేయించాం. మీ పప్పాకు చెప్పండి," అని సంతోషిని నలుగురిలో ఆపి అడిగాడు.

అప్పటినుంచి మూడు కాగానే సంతోషి తడిగుడ్డతో కిందికి దిగేది. జిగురు అంటిన వేళ్లతో, విసుక్కుంటూ, గోడను రుద్ది తుడిచేది. చిత్రమేమంటే ఆయన ఒక్కనాడూ అడ్డుపడలేదు. ఆమె తుడిచేదాకా కూర్చుని, తుడవగానే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచేవాడు.

"ఇగ పోదాం పా బిడ్డా," అనేవాడు, ఎంతో తేలికపడ్డ మొహంతో.

తుడవకుండా ఊరుకున్న ఆ రోజుకు ముందురోజు మాత్రం ఆమె నోరు జారింది.

"నీకేం పని లేదా బాపూ? రిటైరై ఎన్నేండ్లాయె? అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

ఆగయ్య చెవి మీది సుద్దముక్కను సర్దుకుని మెట్లెక్కాడు. భోజనాల దగ్గర ఓంప్రకాషే అన్నాడు. "సుద్దే గదనే. బంగారం పూసినట్టు ఏంది ఆ గోడ? ముసలాయన సంబురం, ఉండనీ రాదూ."

సంతోషికి మనసు చివుక్కుమంది. ఇక తుడవకూడదనుకుంది. సెక్రటరీ ఏమన్నా పడదామనుకుంది. తండ్రికి తను ఇవ్వగలిగింది అదేననుకుంది.

మర్నాడు నాలుగింటికి బాల్కనీలోంచి పిలిచింది. "బాపూ, చాయ్ సల్లారుతుంది, రా!"

"ఇంకా డ్యూటీ దిగలే బిడ్డా," అన్నాడు తల ఎత్తి.

ఆమె నవ్వుకుని లోపలికి పోయింది. మే నెల ఉక్కపోత, కదిలితే చెమట. అయిదింటికి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆగయ్య కుర్చీలోనే, తల గోడకు ఆనించి, ఉన్నాడు. గుండె ఆగిందనీ, ఎక్కడున్నా ఆగేదేననీ డాక్టరు చెప్పాడు. ఆ మాటను సంతోషి గట్టిగా పట్టుకుంది.

పదకొండో రోజుకు సాంబయ్య వచ్చాడు. బాయిలో ఇరవై ఏళ్లపాటు, ఆగయ్య షిఫ్టు దిగగానే అదే పంపు దగ్గర డ్యూటీ ఎక్కినవాడు. ఆగయ్య ఆఖరున కూర్చున్న చోటు చూపించమన్నాడు. గోడ మీద 42, 27 అలాగే ఉన్నాయి. ఈసారి సెక్రటరీ కూడా వాటిని ఉండనిచ్చాడు.

సాంబయ్య ఆ అంకెల మీద చెయ్యి పెట్టాడు.

"గిది ఎవ్వలు చెరపలేదా బిడ్డా?"

"లేదు కాకా. బాపు ఖుషీగ ఉంటడని నేనే ఉంచిన."

సాంబయ్య గోడ మీంచి చెయ్యి తీశాడు.

"బాయిల రాసినోడు చెరపడు బిడ్డా. ఎనుక షిఫ్టుకొచ్చినోడు చెరపాలె. చెరిపితే, నీళ్లు నేను చూసుకుంట, నువ్వు ఇంటికి పో అన్నట్టు. ఓపాలి నేను జాతరల తాగి పండుకుంటే ఆయన రెండు షిఫ్టులు గాడనే కూసున్నడు, పైకొచ్చి నన్ను తిట్టని తిట్టు లేదు. బల్ల తుడవంది మీ బాపు ఏనాడూ లేచి రాలే."