చూడీ పోయిందట

మా ఆవిడ చనిపోయిన వారంలో పరామర్శకి వచ్చినవాళ్ళలో ఒకాయన, మా అపార్ట్‌మెంట్ల సొసైటీ ఆయనే, నా చెయ్యి పట్టుకుని "ఆవిడ మీ ఇంటికి వెన్నెముక అండీ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను తలూపాను. కానీ నేను చాలా ఏళ్ళు వెన్నెముకలకి స్క్రూలు తయారుచేసినవాణ్ణి. విరిగిన వెన్నుల ఎక్స్‌రేలు, జారిన పూసల ఎక్స్‌రేలు చూసి చూసి ఉన్నవాణ్ణి. ఆ మాట నాకు అతకలేదు. ఆవిడ గురించి చెప్పాలంటే పోలిక అక్కర్లేదు, జరిగింది చెబితే చాలు. జరిగినవాటిలో మేమిద్దరం ఎక్కువసార్లు చెప్పుకుని నవ్వుకున్నది చూడీ పోయిన సంగతి.

అప్పటికి ఢిల్లీలో మేముండే మయూర్ విహార్‌కి మెట్రో రాలేదు. నేను స్కూటర్ మీద నోయిడాలో ఒక చిన్న యూనిట్‌కి వెళ్ళేవాణ్ణి. అక్కడ విరిగిన కాళ్ళకీ చేతులకీ వేసే ప్లేట్లు చేసేవారు. ఓనరుకి వెన్నుకి వేసేవి కూడా చెయ్యాలని బుద్ధి పుట్టి, ఆ డిజైన్ కోసం నన్ను హైదరాబాదు నుంచి పిలిపించుకున్నాడు. నాకు అదే ఏడు పెళ్ళయింది. మా ఆవిడ కాకినాడలో లెక్కల టీచరు. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి, మా ఇంటికి దగ్గర్లో ఒక స్కూల్లో చేరింది. చలికాలం మేడ మీద ఎండలో కూర్చుని బఠానీలు ఒలుచుకుంటూ, "నాకు ఇక్కడ బాగుందండీ" అంది ఒకసారి. ఆవిడ అలాంటి మాటలు ఊరికే అనదు.

మేము చేసేది వినడానికి పెద్దదిగా ఉంటుంది గానీ చూస్తే చిన్నది. వెన్నుపూసలోకి ఒక స్క్రూ దిగుతుంది. దాని తల మధ్యకి చీలి, రెండు చెవులున్నట్టు ఉంటుంది. కింది పూసలో స్క్రూకీ పై పూసలో స్క్రూకీ చెవుల మధ్య ఒక కడ్డీ పడుకోబెడతారు. అది కదలకుండా ప్రతి తలలోనూ పైనుంచి ఒక మూత బిగిస్తారు. చిటికెన వేలి గోరంత మూత, చుట్టూ మర ఉంటుంది. ఆ మూత పట్టకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా లాభం లేదు.

మర అని నేను తెలుగులో అంటున్నాను. యూనిట్‌లో దాన్ని చూడీ అనేవారు, గాజు అని. మర తెగి మూత పట్టు తప్పితే, "చూడీ మర్ గయీ" అనేవారు, గాజు చచ్చిపోయింది అని. మెకానిక్కులందరూ అనే మాటే, అక్కడ ఎవరికీ వింతగా ఉండదు.

నాతో బెంచీ మీద పనిచేసే ఫిట్టర్ అలీగఢ్ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు. ఎంత అడిగితే అంతే, ఒక్క మాట ఎక్కువ ఉండదు.

ఒక పెద్ద ఆసుపత్రిలో సర్జన్ మా మొదటి సెట్ వాడి చూడటానికి ఒప్పుకున్నాడు. విదేశీ సెట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ మంచాల మీద ఉండిపోయిన రోగులు ఆయన వార్డులో ఉన్నారు. ఓనరు నాతో ముందే చెప్పాడు: "డాక్టర్ సాబ్ డబ్బా తిప్పి పంపితే స్పైన్ బెంచీ తీసేద్దాం. మళ్ళీ కాళ్ళ ప్లేట్లే." ఆ బెంచీ లేకపోతే నాకు ఢిల్లీలో పని లేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పాను.

ఆపరేషన్ మధ్యాహ్నం అన్నారు. ఇంకా టైముంది కదా అని నేను పొద్దున్నే బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల షాపులకి వెళ్ళాను. మొబైల్ ఇంట్లో చార్జింగ్‌లో మర్చిపోయాను. ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్ ముందుకి జరిపారు. ఫిట్టర్ డబ్బా పట్టుకుని వెళ్ళాడు, అయ్యాక ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది మా ఆవిడ, ఆరోజు స్కూలుకి సెలవు.

నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంది. పొయ్యి మీద పప్పు పోపు పెట్టకుండా ఆపేసి ఉంది.

"ఏమండీ, మీరు చెప్పులు విప్పకండి. అటే వెళ్ళాలేమో. మీ ఫ్యాక్టరీలో చూడీ పోయిందట."

"ఎవరు?"

"చూడీ అట. మీ ఫిట్టర్ ఫోన్ చేశాడు. సాహబ్ కో బోల్నా, చూడీ మర్ గయీ, అన్నాడు. గొంతు బాగా దిగిపోయింది పాపం. వాళ్ళమ్మాయా?"

ఆపరేషన్ అప్పుడే అయిపోయినట్టుంది. మర పోయింది అంటే ఆపరేషన్ బల్ల మీద పోయిందన్నమాట. కానీ ఆవిడ మొహం చూస్తే ఏదో వేరే దుఃఖంలో ఉంది.

"చూడీ అంటే గాజు కదా," అన్నాను మెల్లగా.

"ఆమాత్రం నాకూ తెలుసు. ముద్దుపేరు అనుకున్నాను. పక్కింటి పిల్లకి కళ్ళు నిక్షేపంలా ఉన్నా గుడ్డీ అని పిలవడం లేదూ?"

"సరే, నువ్వేమన్నావు?"

"బహుత్ దుఃఖ్ హువా అన్నాను. ఎప్పుడు పోయిందని అడిగాను. సుబహ్ అన్నాడు, పొద్దున్నే అని. ఉస్ సమయ్ నికట్ మే కౌన్ థే, అన్నాను. కాసేపు ఆలోచించి, డాక్టర్ సాబ్ థే అన్నాడు. ముందునుంచీ ఒంట్లో బాగుండేది కాదా అంటే, నహీ భాభీజీ, బిల్కుల్ ఠీక్ థీ, ఏక్ దమ్ నయీ థీ, అన్నాడు. నయీ అంటే ఏమిటండీ, కొత్త పెళ్ళికూతురా?"

"ఇంకా ఏమడిగావు?" అన్నాను.

"ఇప్పుడెక్కడుంది అని కూడా అడిగాను. మేరీ జేబ్ మే హై, అన్నాడు. జేబులో ఏమిటండీ? అక్కడ నా హిందీ ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాను."

నేను గోడకి ఆనుకుని నవ్వాను. ఉద్యోగం పోయేలా ఉన్నా నవ్వు ఆగలేదు. ఆవిడకి ముందు కోపం వచ్చింది, సంగతి చెప్పాక సిగ్గేసింది, తర్వాత పప్పులో పోపు పెడుతూ తనలో తను నవ్వుకుంది. మా వైపు చావు కబురు వింటే అందరూ అడిగే ప్రశ్నలే అవి. ఎప్పుడు, దగ్గరెవరున్నారు, ముందునుంచీ ఏమైనా ఉందా. దగ్గర అనడానికి ఆవిడ, కాకినాడలో హిందీ పరీక్షలకి చదివిన 'నికట్' వాడింది. ఢిల్లీలో ఆ మాట బోర్డుల మీద తప్ప ఎవరి నోటా వినపడదు.

ఫిట్టర్‌కి ఫోన్ చేస్తే మిగతాది తెలిసింది. ఒక మూత మర తెగింది. డాక్టర్ దాన్నీ ఆ స్క్రూనీ తీసేసి, పక్కన సిద్ధంగా పెట్టుకున్న వేరే సెట్‌లోది వేశాడు. రోగి బాగానే ఉన్నాడు. ఇంకొక్కసారి చూస్తాననీ, అప్పుడూ ఇదే జరిగితే డబ్బా తీసుకుపొమ్మనీ చెప్పాడు.

యూనిట్‌లో మేము ఆ మూతనీ, దానితోపాటు చేసినవాటన్నిటినీ కొలిచాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఓనరు లోహం మంచిది కాదన్నాడు. నేనూ అదే అనుమానంతో ఉన్నాను. ఇంట్లో అన్నం తింటున్నా ధ్యాసంతా దాని మీదే.

"అన్నం ముందు కూడా అదే కొలుస్తున్నట్టున్నారు," అంది మా ఆవిడ. "అసలది ఎలా పోయిందో ఎవరినైనా అడిగారా? ఫోన్లో నేనడిగినన్ని ప్రశ్నలు కూడా మీరడగలేదు."

ఎత్తిపొడుపే, కానీ నిజం. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. సర్జన్ వరండాలో నిలబడి టీ తాగుతున్నాడు. మర ఎప్పుడు తెగింది సార్, అనడిగాను. మొదటి చుట్టులోనే అన్నాడు. ఆ మూత పెట్టినప్పుడు దగ్గరెవరున్నారు, అన్నాను.

"ఏమిటిది, పోలీస్ ఎంక్వయిరీయా?" అన్నాడు. అని, కప్పు కిటికీలో పెట్టి ఆలోచించాడు. తనవైపువి తనే పెట్టాడట. అవతలి వైపు అన్నిటికంటే కిందిది మాత్రం బల్లకి అటుపక్క నుంచున్న జూనియర్ పెట్టాడట. నడుము కింద వెన్ను వంపు తిరుగుతుంది. రోగి లావుపాటి మనిషి. గాయం లోతుగా ఉంది, పక్కనుంచి కండ నెడుతోంది. "స్క్రూడ్రైవర్ నిలువుగా ఉంచడం అంత సులువు కాదు అక్కడ. మీ టేబుల్ మీద అయితే ఎవడైనా పెడతాడు," అన్నాడు.

మూత ఏటవాలుగా మొదలైంది. మొదటి వరసలో ఎక్కాల్సింది పక్క వరసలో ఎక్కింది, తిప్పినకొద్దీ కోసుకుపోయింది. లోహం తప్పేమీ లేదు. మేము దాన్ని బెంచీ మీద పట్టకారులాంటి వైస్‌లో బిగించి, వెలుతురులో, నిలువుగా మాత్రమే పరీక్షించాం.

కొత్త డిజైన్‌లో మూత అడుగున కొద్దిమేర మర లేకుండా నున్నగా వదిలాను. మర అందుకునే ముందే ఆ నున్నటి భాగం రంధ్రంలో కుదురుకుని మూతని నిలబెడుతుంది. ఫిట్టర్ అలాంటివి కొన్ని చేశాడు. ఇక పరీక్షించడానికి ఆ లోతూ, ఆ కండా, ఆ ఏటవాలూ ఎక్కడినుంచి తేవాలన్నది మిగిలింది.

ఆదివారం ఫిట్టర్ ఒక చిన్న వైస్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. దాన్ని భోజనాల బల్లకి బిగించాం. స్క్రూని వంచి పట్టించి, దాని చుట్టూ లోతైన డబ్బా పెట్టాం. మా ఆవిడ పూరీ పిండి గట్టిగా కలిపి తెచ్చింది. డబ్బా నిండా కూరితే స్క్రూ తల కనపడలేదు. డ్రైవర్ దించితే పిండి పక్కకి నెడుతోంది. బాగానే ఉంది. కానీ ఫిట్టర్ పెట్టినా నేను పెట్టినా పాత మూత కూడా సరిగ్గా ఎక్కేస్తోంది. మా చేతులకి అలవాటైపోయింది.

"నన్ను పెట్టనివ్వండి," అంది మా ఆవిడ. "నాకు అసలు రాదు కదా, అటువైపు నుంచుంటాను. ఆ జూనియర్ డాక్టర్ని నేనే."

"భాభీజీ, యే కిచెన్ కా కామ్ నహీ హై," అన్నాడు ఫిట్టర్.

"ఆటా తో కిచెన్ కా హీ హై," అంది పిండి వైపు చూపించి, కొంగు దోపుకుంటూ.

బల్లకి అటువైపునుంచి వంగి, ఒక మోచెయ్యి గాల్లో పెట్టి తిప్పింది. పాత మూత కిర్రుమని ఆగిపోయింది. ఫిట్టర్ తీసి చూసి, "మర్ గయీ," అన్నాడు. ఆ మాటలో సంతోషం వినడం నాకు అదే మొదలు. కొత్త మూత ఇచ్చాం. ఎక్కింది. ఇంకోటి ఎక్కింది. తర్వాతది మళ్ళీ ఇరుక్కుంది. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఏం చేశావు అంటే, "ఏం చెయ్యలేదు, ఈసారి తిన్నగా ముందుకి తిప్పేశాను," అంది.

"అంతకుముందు?"

"ముందు కొంచెం వెనక్కి తిప్పానుగా. సీసా మూత పెట్టినట్టు. టిక్కుమని కూర్చున్నాక ముందుకి తిప్పాను."

ఆ పద్ధతి నాకూ ఫిట్టర్‌కీ తెలియనిది కాదు. మేము ఆలోచించకుండా చేస్తాం కనక ఎవరికీ చెప్పాలని తోచలేదు. డబ్బాతో వెళ్ళే సూచనల కాగితంలో మొదటి వాక్యంగా అది రాశాను: ముందు వెనక్కి తిప్పండి, కుదురుకున్నాక ముందుకి తిప్పండి. ఆ తర్వాత ఆవిడ ఎంత వంకరగా పట్టుకున్నా, వెనక్కి తిప్పి మొదలుపెట్టిన కొత్త మూత ఒక్కటీ చెడలేదు. చెడింది పూరీ పిండి ఒక్కటే. దాని నిండా మిషన్ నూనె మరకలు. ఆవిడ దాన్ని చూసి నిట్టూర్చి మళ్ళీ కలిపింది. ఫిట్టర్ మాతోపాటే తిన్నాడు. వెళ్ళేముందు జేబులోంచి ఆసుపత్రిలో మర తెగిన మూత తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆప్‌నే పూఛా థా న, కహాఁ హై," అన్నాడు, ఎక్కడుందని ఆవిడ ఫోన్లో అడిగిన మాటకి.

ఆవిడ దాన్ని గుండీల డబ్బాలో వేసుకుంది. ఇప్పటికీ అందులోనే ఉంది.

రెండో ఆపరేషన్‌కి ఒక్కరినే రమ్మన్నారు. ఫిట్టర్ వెళ్ళాడు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్నాను. పేపరు పట్టుకున్నాను గానీ చదివింది లేదు. మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా ఫోన్ మోగింది. నాకంటే ముందు అందుకుంది.

"భయ్యా, చూడీ కైసీ హై?"

అవతల ఏదో అన్నాడు. ఆవిడ ఇంకేదో అడిగింది, వింది, రిసీవర్ మీద చెయ్యి పెట్టి నావైపు తిరిగింది.

"బతికే ఉందట. డబ్బా అక్కడే ఉంచమన్నాడట డాక్టరు."

అలా మేము ఢిల్లీలో ఉండిపోయాం. ఆ రోగిని నేనెప్పుడూ చూడలేదు, లేచి నడిచాడని ఫిట్టర్ చెప్పాడు. తర్వాత మెట్రో వచ్చింది, నేను స్కూటర్ అమ్మేశాను. యూనిట్ పెద్దదైంది. మా ఆవిడ హిందీ బాగుపడింది గానీ, ఫిట్టర్ మా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "భాభీజీ, సాహబ్ నికట్ మే హైఁ?" అనే అడిగేవాడు. ఆవిడ కూడా "నికట్ మే హీ హైఁ" అని నాకు ఫోన్ ఇచ్చేది. చాలా ఏళ్ళు మాకు బాగా గడిచాయి. అది రాయడానికి ఇంతకంటే పెద్ద మాట నాకు అక్కర్లేదు.

వెన్నెముక అన్నాయన వచ్చివెళ్ళిన మర్నాడు ఫిట్టర్ వచ్చాడు. ఎప్పుడో రిటైర్ అయ్యాడు, గడ్డం పూర్తిగా నెరిసింది. అలీగఢ్ నుంచి బస్సులో వచ్చాడట. నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడని అడిగాడు.

"కబ్, సాహబ్?"

"సుబహ్."

"నికట్ మే కౌన్ థా?"

"మైఁ థా," అన్నాను, నేనే ఉన్నానని.

తలూపాడు. నేను లేచి ఇద్దరికీ టీ పెట్టాను.