కుడి అంచున గిన్నె

నా కుడికాలి బొటనవేలు అప్పట్లో ఎంత వాచిందంటే, ఈ అరబ్బు దీవిలో ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న మా అరాద్ మీదుగా దిగే విమానాలు దాన్ని చుట్టుకుని వెళ్లేవి. డాక్టరు గౌట్ అన్నాడు. మాంసం, రొయ్యలు ఖలాస్ అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆవిడ రెండు పూటలా రాగిజావ కాచి చేతికిచ్చేది. నేనేమో ఒక విందులో, ముప్పై మంది తెలుగువాళ్ల మధ్య, ఆ జావతో గోడలకు పోస్టర్లు అంటించొచ్చన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. ఆ తర్వాత మూడు రోజులు జావ వేళకే వచ్చింది, మాట మాత్రం రాలేదు.

మాటతో చెడిందాన్ని బొమ్మతో బాగు చేద్దామనుకున్నాను. నా దగ్గర పాత బ్రిటిష్ వ్యంగ్యచిత్రాల నకళ్లు కొన్ని ఉన్నాయి. రెండొందల ఏళ్ల కిందట లండన్ దుకాణాల అద్దాల్లో వాటిని పెడితే, జనం దారికి అడ్డంగా నిలబడి మరీ చూసేవారట. మంత్రుల ముక్కులు, రాజుగారి పొట్ట, దేన్నీ వదల్లేదు ఆ గీసినవాళ్లు. అందులో ఒకాయన అచ్చం నేనే. కొవ్వు మడతలతో మూడు గడ్డాలు, స్టూలు మీద పరుపు చుట్టంత కట్టుకాలు. ఫ్రేము కట్టించి భోజనాల బల్ల ఎదురుగా పెడితే, ఈసారి నవ్వేది నన్ను చూసే కదా.

ముహర్రక్‌లో ఫ్రేములు కట్టే భాయ్‌ది నిజామాబాద్. మర్నాడు ఫోన్ చేశాడు.

“సార్, మీరు చెప్పిన ఫ్రేముల బొమ్మ పడ్తలేదు. కుడి పక్క కొంచెం కోయాలె.”

కోసెయ్యమన్నాను.

“ఆడ ఒకామె గిన్నె పట్టుకొని నిలబడ్డది సార్. ఈ లావాయన చూపంతా ఆమె మీదనే ఉన్నది. ఆమెను కోస్తే ఉత్త గోడను చూస్తున్నట్టుంటది.”

ఇరవై ఏళ్లుగా ఆ బొమ్మ నా దగ్గరే ఉంది. ఆ గిన్నె నా కంట పడనేలేదు. పెద్ద ఫ్రేమే కట్టమన్నాను.

ఇంటికి తెచ్చి గోడకు ఆనించాను. మా ఆవిడ చాలాసేపు చూసింది. ఆ మూడు గడ్డాలను పట్టించుకోలేదు. చూపు కుడి అంచున ఆగింది.

“గిన్నె కింద గుడ్డయినా పెట్టుకోలేదు పాపం. చెయ్యి కాలదూ?”

మూడు రోజుల తర్వాత మొదటి మాట అది.

ఆ సాయంత్రం జావ వేళకి నేనే లేచాను. కుర్చీ నుంచి వంటింటికి పది అడుగులు, నా కాలికి దీవి అవతలి ఒడ్డునున్న కర్జకాన్ దాకా నడిచినంత. ఆవిడ చేతిలోంచి గిన్నె అందుకున్నాను. నిజంగానే కాలుతోంది. ఆవిడ వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి.

జోకొకటి నాలుక చివరిదాకా వచ్చింది. జావతో పాటు మింగేశాను.