నేను తుడిచేసిన సున్నం చుక్కలు

ఈ సంగతి ఇక రాయకుండా ఉండలేను. మొన్న ఒక పెళ్లిలో మా అక్క మునెమ్మ నలుగురిలో మళ్లీ అదే చెప్పింది... "మా చెల్లెలు సాయం చేయబోయింది, పాపం. తెలీక అట్లయింది" అని. నలభై ఏళ్లుగా ఆ మాటకు నేను తలూపుతూనే ఉన్నాను. తెలియక చేసింది కాదది.

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి నుంచి రాగానే, చిత్తూరు శివార్లలో మా ఇంటి వెనక, పాత పికప్ బండి కింద నుంచి రెండు జతల కాళ్లు కనిపించేవి. ఒక జత నాయనవి. ఇంకో జత అక్కవి.

నాయన పనిచేసే మెకానిక్ షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న బండి అది. తెల్లదొరల కాలం నాటిది... ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక సామాన్లేసే తొట్టి. ఓనరు వద్దనుకుంటే నాయన ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. దాన్ని మళ్లీ నడిపించి కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించాలని ఆయన ఆశ. "ముందర నేనూ మునెమ్మా. ఎనక మీరంతా" అనేవాడు.

ఆ 'మీరంతా'లో నేనుండటం నాకు మింగుడు పడేది కాదు.

మా ఇంట్లో బడిమెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. అప్పుడు ఎనిమిదో తరగతి. నాకంటే ఐదేళ్లు పెద్దదైన అక్క పలకే పట్టలేదు. పుస్తకాలు నాకే, కొత్త పావడా నాకే... అక్కకు నన్ను చూస్తే కుళ్లని వీధిలో అనుకునేవాళ్లు. కుళ్లంతా నాలో ఉండేది. బండి కింద నుంచి నాయన చెయ్యి చాపితే చాలు, అడక్కుండానే అక్క సరైన స్పానరు ఆ చేతిలో పెట్టేది. ఒకరోజు అక్క నీళ్లకు పోయిందని నేను పెట్టాను. నాయన చూడను కూడా చూడలేదు. చేత్తో తడిమి వెనక్కిచ్చి, "మీ యక్కను పిలువు పాపా" అన్నాడు.

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కూడా... ఇద్దరూ ఏదో గేరు గురించి నవ్వుకుంటున్నారు.

విప్పిన సామాన్లన్నీ అక్క పాలపొడి డబ్బాల్లో దాచేది. అక్షరాలు రావు కాబట్టి డబ్బాల మీద సున్నంతో ముగ్గుచుక్కలు పెట్టేది. ఎడమ చక్రానికి ఒక చుక్క, కుడిదానికి రెండు, ముందుదైతే పైన ఒక గీత... ఏది ఎక్కడిదో, ఏ వరసలో బిగించాలో ఆ చుక్కలే చెప్పేవి.

అట్లా రెండేళ్లు గడిచాక జాకీ జారి నాయన కుడి మణికట్టు విరిగింది. పుత్తూరులో కట్లు కట్టించాం. ఎముక అతుక్కుంది గానీ వేళ్లకు పట్టు రాలేదు. ఇక బండి తన వల్ల కాదని, సగంలో ఉన్నదాన్ని ఉన్నట్టే అమ్మాలనుకున్నాడు. తిరుపతి నుంచి ఒకాయన వచ్చి చూశాడు. పాత బండ్లంటే మోజున్న మనిషి. సామాన్లన్నీ సక్రమంగా ఉంటే తన షెడ్డులో పూర్తి చేయిస్తాననీ, మొదటిసారి నాయనను ముందు కూర్చోబెట్టుకుని కాణిపాకం తీసుకుపోతాననీ మాటిచ్చాడు. నాయనకు కావలసింది ఆ మాటే. ఆదివారం మెకానిక్కును వెంటబెట్టుకుని వస్తానన్నాడు ఆ తిరుపతాయన.

శనివారం నాయనా అక్కా పుత్తూరు పోయారు, చెయ్యి మళ్లీ చూపించుకోవడానికి. అమ్మ కూలికి పోయింది. నేనొక్కదాన్నే...

తడిగుడ్డ తీసుకుని చుక్కలన్నీ తుడిచేశాను. బడిలో నేర్పినట్టు ఒకే రకానివన్నీ ఒకచోట చేర్చాను. స్ప్రింగులన్నీ ఒక డబ్బాలో, నట్లన్నీ ఇంకో డబ్బాలో. నోటుపుస్తకం చించి, గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి, గంజితో అంటించాను. 'సదువుకున్న పిల్ల సర్దిందంటే వేరప్పా' అని కొనేటాయన నాయనతో అనాలి, నాయన నన్ను పిలవాలి. నా ఆశ అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక్కో చుక్క చెరిగిపోతుంటే నాకు హాయిగా ఉండింది.

ఆదివారం వచ్చిన మెకానిక్ డబ్బాలు తెరిచి చూసి, "ఇదేందప్పా, యాడియాడివో అన్నీ కలిపేసినారు" అన్నాడు. అక్క డబ్బాలను అటూ ఇటూ తిప్పింది, చుక్కల కోసం. తర్వాత అన్నీ గోనెపట్టా మీద కుమ్మరించి ఏరడం మొదలుపెట్టింది. పొద్దుగూకేదాకా ఏరినా సగం కూడా తేలలేదు. కొనవచ్చినాయన లేచి, "ఇంజను మట్టుకు తీసుకుంటా. మిగతాది నాకొద్దప్పా" అన్నాడు.

మిగతాదంతా పాత ఇనుము కింద పోయింది. నాయన నన్ను తిట్టలేదు. "పోనీలే, పాప సాయం చేయబోయింది" అన్నాడు. ఆ మాటనే అక్క ఇప్పటికీ చెబుతోంది.

ఆ సాయంత్రం చేతుల జిడ్డు బూడిదతో రుద్దుకుంటూ అక్క నాతో అన్నది ఒక్కటే...

"నన్నడిగింటే నేను సెప్పేదాన్ని కదా పాపా. నువ్వు రాసేదానివి."

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ చదువొచ్చింది. అక్క మనవరాళ్లు కాలేజీకి పోతున్నారు. అక్క ఒక్కతే ఇది చదవలేదు. వాళ్లెవరైనా చదివి వినిపించేలోపల నేనే పోయి చెప్పాలి... అది సాయం కాదక్కా, కుళ్లు అని.

ఇరవయ్యో తేదీ పొద్దున చిత్తూరు బస్సెక్కుతున్నాను. చిన్నప్పుడు తోబుట్టువుకు చేసిన తప్పును పెద్దయ్యాక ఎదురుగా కూర్చుని చెప్పుకున్నవాళ్లు మీలో ఉంటే, పంతొమ్మిదో తేదీ లోపల ఇక్కడ రాయండి... మొదటి మాట ఏమని మొదలుపెట్టారు?