మామగారి ముక్కుపొడుం

నాకు ఒళ్ళు మండించేవి లోకంలో చాలా ఉన్నాయి. కాఫీ జుర్రుమని తాగేవాళ్ళూ, తడికాళ్ళతో వంటింట్లోకి వచ్చేవాళ్ళూ... వాళ్ళందరినీ ఎలాగో భరిస్తాను. ముక్కుపొడుం పీల్చేవాళ్ళను మాత్రం ససేమిరా. అందుకు కారణం మా మామగారు.

మంగళగిరిలో మాది మగ్గం ఇల్లు. కాపురానికొచ్చిన వారానికే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టారు. మామగారు గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే, నేను కండెలకు నూలు చుట్టి అందించేదాన్ని. ఆయన నాతో మాట్లాడేది తక్కువ. కండె అయిపోతే ఒక దగ్గు, అంతే.

ఆ ఏడు బెజవాడ పక్కన పటమటలో మా చెల్లెలి పెళ్ళి. మగ్గం మీద చీర దిగేదాకా కదలడానికి వీల్లేక, పెళ్ళిరోజు పొద్దున్నే బయల్దేరాల్సి వచ్చింది. ముహూర్తం రాత్రికి. యుద్ధం పేరు చెప్పి రైళ్ళు తగ్గించేశారు. బెజవాడకు పొద్దున ఒక బండి, సాయంత్రం ఒకటి.

మా ఆయన ట్రంకుపెట్టె ఎత్తుకున్నారు. నేను గడప దాటబోతుంటే లోపల మగ్గం చప్పుడు ఆగింది. "హాఛ్!"

"ఆగమ్మాయ్! ఒంటి తుమ్ము. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్దువుగాని" అన్నారు అత్తగారు.

కూర్చున్నాను. తాగాను. లేచాను. "హాఛ్!" మళ్ళీ కూర్చున్నాను. కడుపులో చెంబులకొద్దీ నీళ్ళు గలగలలాడుతుండగా రైలు కూత వినిపించింది. పొద్దుటి బండి పోయింది.

సాయంత్రమూ అదే వరస. దొడ్డిగుమ్మంలోంచి పోతానంటే, "తుమ్ముకి దొడ్డేమిటి, వీధేమిటి!" అన్నారు అత్తగారు. ఈ బండి కూడా తప్పితే చెల్లెలి మెడలో తాళి పడటం నేను చూడనట్టే. నాకు తిక్కరేగింది. కోడలు మామగారికి ఎదురుతిరగని రోజులవి. అయినా విసవిసా మగ్గం దగ్గరికి వెళ్ళి, గట్టు మీదున్న పొడుం డబ్బా తీసి, చిటికెడు ముక్కులో కుక్కుకున్నాను.

"హాఛ్!"

"జంట తుమ్ములు! శుభం!" అన్నారు మా ఆయన.

"ఇద్దరివీ కలిపి లెక్కేమిట్రా?" అన్నారు అత్తగారు.

ఆవిడ తేల్చుకునేలోగా నేను మళ్ళీ తుమ్మాను. ఇక ఆగితేనా! మా ఆయన పెట్టె దించి, "సరి... బేసి... సరి..." అంటూ లెక్క మొదలుపెట్టారు. పాడు తుమ్ములు సరిగ్గా బేసి దగ్గర ఆగిపోయాయి. అందరం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు మామగారే చిటికెడు పీల్చి ఒక తుమ్ము తుమ్మారు.

"సరిపోయింది. వెళ్ళిరామ్మా" అన్నారు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. "పొడుం ఘాటు" అన్నారు, నేనడక్కుండానే.

వీధి గుమ్మం దగ్గర అత్తగారు గొంతు తగ్గించి చెప్పారు. "మామూలు రోజుల్లో ముట్టుకోరమ్మా. ఇంట్లో ఆడపిల్ల ఊరెళ్తుంటే ఏడుపొస్తుంది ఆయనకి. అది కనపడకుండా ఈ పొడుం. మా అమ్మాయిని కాపురానికి పంపినరోజూ ఇలాగే బండి తప్పించారు."

రైల్లో నాక్కూడా కళ్ళు మండాయి. పెళ్ళిపందిట్లో ఎక్కడ తుమ్ముతానోనని ముక్కు పట్టుకునే కూర్చున్నాను. తాళి పడటం మాత్రం కళ్ళారా చూశాను.

తిరిగొస్తూ బెజవాడలో మామగారికోసం మంచి పొడుం డబ్బా ఒకటి కొన్నాను. అది చూసి అత్తగారు తల బాదుకున్నారు. ఆయన మూత తీసి, వాసన చూసి, మళ్ళీ బిగించి గూట్లో పెట్టేశారు.

"ఇప్పుడెందుకమ్మా, వచ్చేశావుగా" అన్నారు.