నిండు టాంకీకి హారతి

మొన్న పొద్దున శంషాబాద్‌లో మా కాలనీ పార్కులో నడుస్తుంటే, తోటపని చేసే అతను ఆకులు ఊదే మిషన్‌లో పెట్రోలు పోస్తూ కనిపించాడు. పోశాడు, మూత బిగించాడు, చిందినదాన్ని గుడ్డతో తుడిచాడు. అక్కడే స్టార్టు చేయకుండా మిషన్‌ను ఎత్తుకొని పార్కు అవతలి మూలకు పోయి తాడు లాగాడు. నాతో నడుస్తున్న పక్కింటావిడ, "అంతదూరం మోసుకెళ్లడం ఎందుకండీ, ఇక్కడే లాగితే ఏమైపోతుంది?" అని నవ్వింది. నేను అప్పటికే ముక్కెగబీల్చి గాలి వాసన చూస్తున్నాను. ఇది మా మేనత్త దగ్గర నాకు అంటుకున్న అలవాటు.

మేనత్త అంటే మా నాన్న చెల్లెలు, మేమంతా అత్తమ్మ అంటాం. మామ పోయాక మా అన్న ఇంట్లోనే ఉంటోంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆమె దగ్గర అది పెంపుడు భూతం, ఇంట్లో మనిషిలా తిరుగుతుండేది. పాలవాడు నీళ్లు కలపలేదని తేలిన రోజున, మరి ఇంకేం కలిపాడోనని గిన్నె వంచి వంచి చూసేది. కందుకూరు నుంచి చుట్టాలు టమాటాలు తెస్తే, ఊరికే ఎందుకు తెచ్చినట్టు అని వాళ్లు వెళ్లేదాకా ఆలోచించేది. ఇంటి మీదుగా విమానం కిందికి దిగుతుంటే దండెం మీది చీరలు గబగబా లోపలికి తెచ్చేది. "కిటికీల కాడ కూసున్నోళ్లు ఊకె ఉంటరా బిడ్డా? అన్నీ చూస్తరు" అనేది. ఆమెను నవ్వులాటకు తీసుకున్నాం గానీ, భూములు కొనడానికి కార్లలో వచ్చినవాళ్ల తియ్యటి మాటలకు చుట్టుపక్కల అందరూ పడిపోయినప్పుడు, "గింత మంచిగ మాట్లాడుతున్నడంటే ఏదో ఉన్నది" అని అడ్డం పడ్డదీ ఆమే. మామిడిపల్లి దగ్గర మా తోపు కాస్తయినా మిగిలిందంటే ఆ అనుమానం పుణ్యమే.

ఆ మిగిలిన తోపును అన్న పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఫంక్షన్ గార్డెన్‌గా మార్చాడు. మధ్యలో పచ్చిక, ఒక వేదిక, వంటలకు రేకుల షెడ్డు. చెట్లు మాత్రం అది ఇంకా తోపే అనుకొని ఆకులు రాల్చుతూనే ఉన్నాయి. రోజూ తెల్లారేసరికి అత్తమ్మ ఈత పొరక పట్టుకొని మొత్తం ఊడ్చేది. మొదటి పెళ్లి దగ్గరపడుతుండగా, ఆమె నడుము చూసి జాలిపడో, పచ్చిక మీద పొరక గీతలు చూసి విసుక్కునో, అన్న ఆకులు ఊదే పెట్రోలు మిషన్ ఒకటి కొన్నాడు. అత్తమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "గాలితోని ఊకుడేందిరా? చెత్త యాడికి పోతది? పక్కోని చేన్ల పడతది, వాడు మన్తోని కొట్లాటకొస్తడు" అంది. పొరకను ఇంకెవరూ ముట్టుకోకుండా మంచం కింద దాచుకుంది. దాంతో మా వదినకు అనుమానం పట్టుకుంది. తన పని పోతుందని ముసలామె మిషన్ మీద కక్ష కట్టిందనీ, ఏదో ఒక అపశకునం తెస్తుందనీ నా చెవిలో వేసింది. అత్తమ్మకేమో కాపలావాడి మీద అనుమానం. జనరేటరు కోసం షెడ్డులో పెట్టిన డబ్బాలో పెట్రోలు ఎవరో తీస్తున్నారని, ఆమె తన కుర్చీని షెడ్డు గుమ్మం దగ్గరికి మార్చుకొని కూర్చునేది. ఇలా ఒకే గార్డెన్‌లో అందరం ఒకరినొకరం కనిపెట్టుకొని ఉండగా శుక్రవారం వచ్చింది.

ఆ పొద్దున దుకాణం మనిషి వచ్చి మిషన్ నడిపి చూపించాడు. పచ్చిక మీద ఆకులు లేచి అన్నీ ఒక మూలకు పోతుంటే అందరం చప్పట్లు కొట్టాం. "ఇంజను చల్లారినంకనే పెట్రోల్ పోయండి అన్నా" అని చెప్పి అతను పోయాడు. ఆ మాట అన్న విన్నాడు గానీ, వదిన మాట అంతకన్నా గట్టిగా వినపడింది. కొత్త మిషన్‌కు పూజ చేయాలి, మంచి గడియ దాటిపోతోంది, పైగా సగం ఖాళీ టాంకీకి పూజ ఏమిటి, కలశంలా నిండుగా ఉండాలి కదా. అన్న వేడి ఇంజను మీదే అంచుదాకా పోశాడు. పొంగి పక్కలకు కారింది. పాత పంచె ముక్కతో తుడిచి, దాన్ని వేదిక మెట్ల దగ్గర పడేశాడు. వదిన మిషన్‌కు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి కర్పూరం వెలిగించింది. పళ్లెం ఎత్తి మెట్ల దగ్గర నుంచి మిషన్ వైపు అడుగు వేయబోతుండగా అత్తమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగు! పెట్రోల్ వాసనొస్తున్నది. ఎవడో డబ్బా మూత తీసిండు."

"హారతి పట్టినంక ఆపుతరా అత్తమ్మా? గిదేం పని?"

"నీ హారతి యాడికి పోదు. జర దొంగను దొరకవట్టనియ్యి."

వదిన కోపంగా చేయి విదిలించుకుంది. పళ్లెంలోంచి మండుతున్న కర్పూరం బిళ్ల ఎగిరి ఆ పంచె ముక్క మీద పడింది. భగ్గుమని నడుమెత్తు మంట లేచింది. నేను వదినను కొంగు పట్టుకొని వెనక్కి లాగాను. వేదిక కట్టగా మిగిలిన ఇసుక కుప్ప పక్కనే ఉంటే అన్న రెండు చేతులతో ఎత్తి పోశాడు, పూజకని వచ్చిన చుట్టాలు కూడా పోశారు. మంట చల్లారింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అప్పుడు అన్న మిషన్ వైపు చూశాడు. సరిగా బిగియని మూత కింది నుంచి పెట్రోలు ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది. బంతిపూలన్నీ తడిసి ఉన్నాయి. వదిన ఇంకో అడుగు వేసి ఆ పూల మీద హారతి తిప్పి ఉంటే ఏమయ్యేదో అప్పుడు అందరికీ అర్థమైంది.  అన్న వంగి మూత బిగించాడు. వదిన ఏడుస్తోంది. ఈ లోపల అత్తమ్మ షెడ్డులోకి పోయి, డబ్బా చూసి వచ్చి తన తీర్పు చెప్పింది. "మూత గట్టిగనే ఉన్నది. మన లొల్లి ఇని బిగించి ఉరికిండు, దొంగనాకొడుకు."

తనవల్ల వదిన ప్రాణం దక్కిందని ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆమె లెక్కలో ఆ రోజు జరిగిందల్లా దొంగ తప్పించుకోవడమే. వదిన మాత్రం మర్నాడు టాంకీలో పెట్రోలు ఒంపేయించి, అది ఒట్టిగా ఉండగానే మళ్లీ పూజ చేసింది. మా ఇంట్లో ఏ మిషన్‌కైనా ముందు పూజ, తర్వాతే పెట్రోలు. ఆ తర్వాత పొద్దున మొదటి చాయ్ కూడా వదిన అత్తమ్మకే ఇచ్చేది. ఇంత మర్యాద ఎందుకు చేస్తోందా అని అత్తమ్మ ఆ చాయ్‌ని వాసన చూసి తాగేది.

అన్నకు కూడా ఒక పద్ధతి వచ్చింది. ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉంటేనే పోస్తాడు. షెడ్డుకు దూరంగా, మట్టి నేల మీద, పైన కాస్త ఖాళీ వదిలి పోస్తాడు. మూత బిగించి, తుడిచి, మిషన్‌ను అక్కడి నుంచి ఎడంగా తీసుకుపోతాడు. తాడు లాగేముందు, "అత్తమ్మా, జర చూస్తవా?" అని పిలుస్తాడు. ఆమె వచ్చి ముక్కు ముందుకు పెట్టి చుట్టూ తిరిగి, కాపలావాడి వైపు ఒక చూపు విసిరి, "ఊఁ, గుంజు" అనేది. మిషన్ వదిలేసిన ఆకులను వెనకాలే ఏరి, ఇదిగో సాక్ష్యం అన్నట్టు అన్నకు చూపించేది.

కిందటేడు ఆమెకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు వాసన కొడుతుంటే, పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. వదిన చూసింది, అన్నకు చెప్పింది, అన్న నాకు చెప్పాడు. ఆమెకు మాత్రం ఎవరం చెప్పలేదు. ఇప్పుడు అన్న ఆమెను పిలిచేముందు మిషన్‌ను చెట్టు చాటుకు తీసుకుపోయి తానే వంగి వాసన చూసుకుంటాడు. మూత మళ్లీ ఒకసారి తడుముతాడు. అప్పుడు, "అత్తమ్మా, జర చూస్తవా?" అంటాడు. ఆమె ఎప్పటిలాగే చుట్టూ తిరిగి, ఎప్పటిలాగే ముక్కెగబీల్చి, "ఊఁ, గుంజు" అంటుంది. ఈ మధ్య అన్న దగ్గరికి వెళ్లినప్పుడు అది చూస్తూ నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. దుమ్ము పడిందని అబద్ధం చెప్తే, ఆమె నా వైపు అనుమానంగా చూసింది. రాని దొంగ కోసం ఆ షెడ్డు గుమ్మంలో ఇన్నేళ్లు కాపలా కాసిన మనిషి. కాలం ఆమె ఎదురుగానే వచ్చి ముక్కులోని వాసన ఎత్తుకుపోతే, దాన్ని ఒక్కదాన్నే అనుమానించలేదు.