బండికి కడియాలు

మొన్న బస్టాండులో కందెన వాసన తగలగానే మా నాయిన ఎడ్లబండి గుర్తొచ్చింది. నిజాం రోజుల మాట. ఊరి కమ్మరి కొలిమిలో చేసిచ్చిన దాని ఇరుసు, ఎంత కందెన పూసినా కిర్రుమని అరిచేది. నాయిన అయిజ సంత నుంచి వస్తుంటే ఆ అరుపు ఊరి బయట ఉండగానే వినిపించేది. అది విని అమ్మ పొయ్యి మీద పెనం పెట్టేది. ఆయన కాళ్లు కడుక్కునేసరికి జొన్నరొట్టె పొగలు కక్కుతుండేది.

ఒక ఏడు నాయిన రాయచూరులో కొత్త ఇరుసు కొన్నాడు. ఆ వారం సంత నుంచి బండి చడీచప్పుడు లేకుండా వాకిట్లోకి వచ్చేసింది.

"సూసినవా, జరంత సప్పుడు లేదు!" అని నాయిన మురిసిపోయాడు.

"గిట్ల దొంగ లెక్క వస్తే నాకెట్ల తెలుస్తది?" అంది అమ్మ. పొయ్యి చల్లగా ఉంది.

తెల్లారి నాయిన కమ్మరి దగ్గర రెండు ఇనుప కడియాలు చేయించి కొత్త ఇరుసుకు వేయించాడు. బండి కదిలితే అవి గలగలమన్నాయి.

"ఇవెందుకు నాయినా?" అని అడిగాను.

"ఎడ్లు ఉషారుగ నడుస్తయి బిడ్డా," అన్నాడు, అమ్మ వైపు చూడకుండా.

చాలా ఏళ్లు అదే నమ్మాను. పెళ్లయ్యాక, పొయ్యి ముందు కూర్చుని ఒక మనిషి రాక కోసం చెవులు రిక్కించిన రోజున గానీ ఆ కడియాలు ఎవరికి చేయించాడో నాకు తెలియలేదు.