కొండను విన్న పెట్టె

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలు విశాఖపట్నం నుంచి స్నేహితుల్ని వెంటబెట్టుకుని అరకు వచ్చి, మా ఇంటికి కూతవేటు దూరంలో కాఫీ తోటల మధ్య కట్టిన ఒక విడిదిలో దిగింది. ఆ పిల్ల ఒక బ్యాండులో గిటారు వాయిస్తుంది. కర్మాగారంలో వందల కొద్దీ పోతపోసినవి కాకుండా, ఎవరో ఒక పనివాడు కూర్చుని ఒక్కొక్కటిగా చేత్తో చేసే యాంప్లిఫయర్లట, అలాంటివి రెండు తెచ్చుకున్నారు. వాటిని పక్కపక్కన పెట్టి, ఒకే పాట ముక్కను ఒకసారి ఇందులో, ఒకసారి అందులో వాయిస్తూ, గెయిన్ బాగా పెంచినప్పుడు ఏది పదునుగా ఉంది, ఏది ముద్దగా ఉంది అని పొద్దుటి నుంచి వాదించుకుంటున్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మమ్మా, నీకేది బాగుందో చెప్పు" అని అడిగింది. ఒకప్పుడు నేనూ ఎలక్ట్రిక్ గిటారు వాయించానని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. వాయించడం ఆపి వాళ్ళు మాటల్లో పడ్డప్పుడు, గెయిన్ తగ్గించకుండా వదిలేసిన ఆ పెట్టె ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా, లోలోపల మూలుగుతూ ఉండిపోయింది. తలనొప్పి అని చెప్పి లేచి వచ్చేశాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రేడియోలు వెలిగే రోజులు అవి. మీట తిప్పాక లోపలి వాల్వులు ఎర్రగా వేడెక్కేదాకా ఓపిగ్గా కూర్చుంటే గానీ మాట వచ్చేది కాదు. మా చిన్నాన్న, అంటే మా నాన్న తమ్ముడు, అరకు బజారులో రేడియోలు బాగుచేసేవాడు. చదివింది ఆరో తరగతి. కానీ పాడైన రేడియోను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు తట్టి, రోగమెక్కడో చెప్పేవాడు. పెట్టె లోపల చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ నిక్కరు జేబులో ఉంచుకునేవాడు. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని, స్విచ్చి ఆపినా ఆ పెట్టెలు చాలాసేపు కరెంటు దాచుకుని కాటేస్తాయని చెప్పేవాడు. పాములవాడు పాము గురించి చెప్పినట్టుండేది ఆ తీరు.

మా ఊరు అరకు నుంచి కాలిబాటన రెండు గంటల నడక. కొండవార ఇరవై ముప్పై ఇళ్ళు, ఒక రేకుల చర్చి, కొత్తగా వచ్చిన కరెంటు. ఊళ్ళో సగం మందిమి ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం, అయినా కొండకు మొక్కడం ఎవరూ మానలేదు. చర్చికి ఎవరో దొరలు వదిలిపోయిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి మూలన పడి ఉంటే, హాస్టల్లో నేర్చుకున్న నాలుగు ముక్కలతో దాన్ని నేను పట్టుకున్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. తీగ మీటగానే మోగి, మరుక్షణం చచ్చిపోయే ఆ చప్పుడు చిన్నాన్నకు నచ్చలేదు. థింసా ఆడేటప్పుడు మా వాళ్ళు ఊదే మోరి ఉంటుంది చూడండి, ఊపిరి ఉన్నంతసేపూ స్వరం తెగకుండా సాగుతుంది. గిటారు కూడా అలా సాగాలని ఆయన పట్టుదల. మూతబడ్డ టూరింగు టాకీసు వాళ్ళ దగ్గర పాత ప్రొజెక్టరు యాంప్లిఫయరు సంపాదించి, దాని పేగులన్నీ తీసి మళ్ళీ అల్లి, పనస చెక్క పెట్టెలో బిగించాడు.

గెయిన్ అంటే ఏమిటో నాకు ఆయనే చెప్పాడు. శబ్దం పెద్దదవడం వేరు, గెయిన్ వేరు. తీగ చేసే చీమంత సవ్వడిని పెట్టె లోపలే ఒక వాల్వు ఇంకో వాల్వుకు, అది మరోదానికి పెంచి పెంచి అందిస్తుంటే, చివరికి ఆ స్వరం పగిలి, గరగరలాడి, చావకుండా సాగుతుంది. అయితే పెట్టెకు చెవి కూడా అంతే పెరుగుతుంది, తీగ చప్పుడే కాదు, దగ్గర్లోని ప్రతి చప్పుడూ దానికి వినబడుతుంది.

ఆ ఏడు కోతల పండుగకు పది రోజులుందనగా మా బావ వచ్చాడు. మేనత్త కొడుకు, విశాఖపట్నంలో మైకుసెట్ల షాపులో పనిచేసేవాడు. ఓడల వాళ్ళ దగ్గర దొరికిన క్యాసెట్లు విని, ఏదో విదేశీ కాగితంలోని బొమ్మ చూసి, తనూ ఒక యాంప్లిఫయరు చేసి మోసుకొచ్చాడు. నల్ల రెక్సిను తొడిగిన పెట్టె, నున్నగా, పట్నపు పెళ్ళికొడుకులా ఉంది. బయట నాలుగు రోజులుగా పడుతున్న వాన. చర్చిలో రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఊరంతా చుట్టూ కూర్చుంటే, నేను ఒకే కీర్తనను రెండింట్లోనూ వాయించాను.

బావ పెట్టెలో వేలు తీగను తాకీ తాకకముందే మోత లేచేది, ఆపితే కత్తితో కోసినట్టు టక్కున ఆగేది. ఎంత వేగంగా వాయించినా ఒక్క స్వరం మరో స్వరానికి అంటుకునేది కాదు. చిన్నాన్న పెట్టె అలా కాదు. గట్టిగా మీటితే ఒక్క క్షణం లోపలికి కుంగి, ఆ తర్వాత పొంగుతూ లేచేది, కావడితో ఘాటీ ఎక్కే మనిషి మలుపు దగ్గర ఊపిరి తీసుకున్నట్టు. మెల్లగా మీటితే మెల్లగానే పలికేది, తప్పు వాయిస్తే తప్పును దాచేది.

"సెవికి ఎలాగుందో కాదే గుంటా, సేతికి ఎలా తగుల్తందో సెప్పు" అన్నాడు చిన్నాన్న.

అందరూ నా వంక చూస్తున్నారు. నేను బావ పెట్టె వైపు చూపించాను. నిజంగా అదే నచ్చిందో, పెళ్ళి మాటలు నడుస్తున్న బావను సంతోషపెట్టాలనిపించిందో ఈనాటికీ విడదీసి చెప్పలేను. చిన్నాన్న తన పెట్టెను గోనెపట్టాలో చుట్టి, వానలోనే భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ తెచ్చాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇంకో వాల్వు అదనంగా పెట్టి, గెయిన్ ఇంకా పెంచాడు. ఇప్పుడు దాని చెవి ఎంత పెరిగిందంటే, పెట్టె మీద గోటితో తడితే గంట కొట్టినట్టు మోగేది, గడప దగ్గర ఎవరైనా కాలు వేస్తే గుర్రుమనేది. నేను గిటారు మెడలో వేసుకుని, ఇంకా తీగ ముట్టుకోలేదు. గిటారు మీద మీట పూర్తిగా తగ్గించే ఉంది. అప్పుడు మొదలైంది మూలుగు. చాలా కింది స్థాయిలో, చెవికన్నా ముందు కడుపుకు తెలిసేలా, కాసేపు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చేది.

"నేనేటీ సేయట్లేదు చిన్నాన్నా" అన్నాను.

"మావా, నీ పెట్టెకి దెయ్యం పట్టిందేటి?" అని బావ నవ్వాడు.

చిన్నాన్న వాల్వు మార్చాడు. మూలుగు ఆగలేదు. ఇంకొకటి మార్చాడు. గిటారు వైరు పీకేశాడు. అయినా మూలుగుతూనే ఉంది. పక్కనే బావ పెట్టె మాత్రం చడీచప్పుడు లేకుండా నల్లగా కూర్చుని ఉంది. చిన్నాన్న నన్ను బయటికి పంపాడు, కింద రోడ్డు పని దగ్గర లారీలేమైనా తిరుగుతున్నాయేమో చూసి రమ్మని. ఆ వేసవిలోనే కొత్త రోడ్డు కోసం మా కొండ పాదాన్ని నిలువునా కోశారు. వానలకు పని ఆగిపోయింది, లారీలు లేవు, మనుషులూ లేరు. వచ్చి అదే చెప్పాను. ఆయన పెట్టెను ఎత్తి పక్కకు పెట్టి, అది ఉన్నచోట నేల మీద రెండు అరచేతులూ ఆనించాడు. పనిలో ఉండగా ఆయన ఒకేసారి రెండు చేతులూ దేని మీదైనా పెట్టడం నేను చూడటం అదే మొదలు.

లేచి కొండవార ఉన్న ఊట దగ్గరికి పరిగెత్తాడు, వెనకే నేను. ఎన్ని వానలొచ్చినా అద్దంలా ఉండే ఊటనీళ్ళు ఎర్రటి బురదగా వస్తున్నాయి. కొండ మీద ఒక్క పిట్ట అరవడం లేదు.

ఆ సాయంత్రం చిన్నాన్న గుమ్మం గుమ్మం తిరిగాడు. "బేగి దిగిపోండి, ఏరవతల బడి కాడికి పోండి, వాన తగ్గినాక వద్దురు గాని" అని బతిమాలాడు. కొందరు నవ్వారు. మా నాయనమ్మకు తెలుగు అంతంతమాత్రం, ఆమె ఏమీ అడగకుండా గంప కింది కోడిని చంకన పెట్టుకుని అందరికన్నా ముందు నడిచింది. ఆమెను చూసి మిగతావాళ్ళు కదిలారు. కొండకు ఆనుకుని ఉన్నది ఊరి పెద్ద ఇల్లు, ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు, కూతురు పురిటికి వచ్చి ఉంది. పదకొండు రోజుల బాలింతను వానలో బయటికి తీయకూడదని వాళ్ళమ్మ తలుపు వేసేసింది. చిన్నాన్న రెండుసార్లు వెళ్ళాడు. రెండోసారి ఆమె లోపలి నుంచి, "పసిగుడ్డుకి సలి కొడితే నువ్వొచ్చి బతికిత్తావా?" అని కసిరింది.

ఇంకా వెలుతురు ఉండగానే కొండ జారింది. పెద్ద చప్పుడవుతుందనుకుంటాం. కాదు, పెద్ద పెద్ద చెట్లు నిలబడినవి నిలబడినట్టే, ఊరేగింపులో నడిచినట్టు, మెల్లగా కిందికి వచ్చాయి. ఆ ఇల్లు, దాని పక్కనున్న ఖాళీ ఇల్లు, చర్చి సగం, అన్నీ మట్టి కిందికి పోయాయి. బడి అరుగు మీద నిలబడి చూశాం. చిన్నాన్న ఆ ఇంటి వైపు పరిగెత్తబోతే మా నాన్న నడుం పట్టుకుని ఆపాడు.

మిగతా ఊరంతా బతికింది చిన్నాన్న వల్ల అని నాలుగు రోజులు అందరూ అన్నారు. అయిదో రోజున రోడ్డు పని మేస్త్రి, మైదానం నుంచి వచ్చినవాడు, మట్టి తీసే చోట నిలబడి ఒక మాట వదిలాడు. "కొండలు ఊరికే జారతాయేటి? ఆ పెట్టెతో అంతంత మోతలు పెడితే జారవా మరి?" కోసిన కొండ పాదం వాడి వెనకే కనిపిస్తోంది. అయినా ఎవరూ అటు చూడలేదు. మర్నాటికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి. కొండ జారుతుందని ఆ రేడియోల వాడికి ముందే ఎలా తెలిసింది, కొండను పిలిచినవాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నారు. చిల్లంగి, అంటే చేతబడి, అనే మాట బయటికి ఎవరూ అనలేదు గానీ, చిన్నాన్న వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు. మా కొండల్లో ఆ మాట పడ్డ మనిషికి ఏమవుతుందో మాకందరికీ తెలుసు.

ఊరి పెద్ద బడి ముందు అందరినీ కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. భార్యనూ, కూతుర్నీ, పేరు పెట్టని మనవణ్ణీ పోగొట్టుకున్న మనిషి. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"గుంటా, వాయించింది నువ్వే కదా. పెట్టె ముందు మోగిందా, కొండ ముందు మోగిందా? నిజం సెప్పు."

నాకు తెలుసు. నేను తీగ ముట్టుకోలేదు, గిటారు నోరు మూసే ఉంది. కొండ లోపల ఏదో కదిలింది కాబట్టే పెట్టె మూలిగింది. కానీ ఎవరూ వాయించకుండానే పెట్టె మోగిందని చెబితే, అప్పటికే భయపడి ఉన్న ఆ మనుషులు ఇంకేమనుకుంటారో. బావ నా పక్కనే ఉన్నాడు. అతనికీ తెలుసు. అతను నేల చూపులు చూశాడు.

"నాకు తెల్దు" అన్నాను.

చిన్నాన్న నా వంక చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన తల ఊపాడు, అర్థమైందన్నట్టు. రెండు రోజుల తర్వాత ఆయన ఇంటి తడికకు ఎవరో నిప్పు పెట్టారు. వాన తడికి అది అంటుకోలేదు. తెల్లవారేసరికి ఆయన లేడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో బావతో నా పెళ్ళయింది. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాం, మంచి మనిషి, మూడేళ్ళ కిందట పోయాడు. ఇన్నేళ్ళలో ఆ మధ్యాహ్నం గురించి మా ఇద్దరి మధ్య ఒక్క మాట రాలేదు. వాన గట్టిగా పడ్డ రోజుల్లో ఆయన లేచి వెళ్ళి గడపలో కూర్చునేవాడు. నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. గిటారు నేను మళ్ళీ ముట్టలేదు. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరి, పిల్లలకు నోటితోనే పాటలు నేర్పాను.

చిన్నాన్నను ఒక్కసారి చూశాను. ఎలక్షన్ డ్యూటీకి కురుపాం వెళితే, బజారులో టార్చిలైట్లు, మిక్సీలు బాగుచేస్తూ కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. టీ తెప్పించాడు. ఊరి సంగతి అడగలేదు, ఎవరి బాగోగులూ అడగలేదు. గ్లాసు కింద పెట్టి, "ఆ రెండిట్లో నీకిప్పటికీ మీ బావదే బాగుంటాదా?" అన్నాడు.

"కాదు చిన్నాన్నా, నీదే" అన్నాను.

"అబద్దమాడకే" అని నవ్వాడు. "ఆడిదే బాగుండేది. నాది ఎక్కువ వినీసీది."

క్షమించమని అడగడానికే నోరు తెరిచాను. ఎవరో మిక్సీ పట్టుకుని వచ్చారు, ఆయన అటు తిరిగాడు. నేను బస్సుకు లేటవుతోందని లేచాను. నిజానికి బస్సుకు ఇంకా గంట ఉంది.

పోయిన ఏడాది ఆయన పోయాడన్న కబురు వచ్చిన వారం, ఊళ్ళో కొత్తగా కట్టిన చర్చిలో లేచి నిలబడి అంతా చెప్పాను. పెట్టె తనంతట తాను మోగిందని, కొండే ముందు కదిలిందని, నాకు తెలిసీ చెప్పలేదని. కుర్రవాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకడు, కొండలకు ఇప్పుడు సెన్సార్లు పెడతారట, మీ చిన్నాన్న అప్పుడే కనిపెట్టాడన్నమాట అని మెచ్చుకున్నాడు. ఒకమ్మాయి చిల్లంగి అంటే ఏమిటని పక్కమ్మాయిని అడగడం వినబడింది. నిప్పు పెట్టిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ చెయ్యి ఆ గదిలో లేదు. నన్ను ప్రశ్న అడిగిన ఊరి పెద్ద పోయి పదిహేనేళ్ళు. ఆయన ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే అరుగు కట్టారు, దానికి పైన కొండను మళ్ళీ కోసి గదులు కడుతున్నారు, జేసీబీ చప్పుడు పగలంతా వినిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజుల్లో ఒక్క మాటకు మనిషి ప్రాణం మీదికి వచ్చేది. ఇప్పుడు ఎవరూ ఏ మాటకూ భయపడటం లేదు, అది మంచిదే. నేను నలభై ఏళ్ళు గొంతులో మోసిన నిజాన్ని దించుకునే చోటు కోసం చూస్తే, అది అవసరమైన వాళ్ళందరూ మట్టిలో ఉన్నారు. బతికున్నవాళ్ళకు అదొక మంచి కథ, అంతే. ప్రార్థన అయ్యాక అందరూ నాకు షేక్‌హ్యాండిచ్చి వెళ్ళిపోయారు.